కోరం

ఏటా ఏప్రిల్ రెండో వారంలో
డోరీన్ పాస్కల్ మా కొట్టుకొచ్చేది.
దొరసానీ అంటే ఒప్పుకునేది కాదు.
"మా నాన్న ఇంజను డ్రైవరు పీరా,
బొగ్గుమసి మీద మసి, ఏ రంగువాడో మా అమ్మకే తెలీదు."

రెండున్నర గజాల తెల్ల పాప్లిన్,
దాని మీద నిలువునా అడ్డంగా ఎర్ర పట్టీ.
నేను మిషను తొక్కుతుంటే
గుమ్మంలో ఆగి అడిగేవాళ్ళు:
"ఏం కాశింపీరా, రక్తదాన శిబిరమా?"

మా అన్న మాత్రం అడిగేవాడు కాదు, అనేవాడు.
"తాత లాఠీ దెబ్బలు తిన్నది ఇందుకా?
వాళ్ళ జెండా నువ్వు కుట్టడానికా?"
కుట్టుకూలి ఏ జెండాకైనా ఒకటే అన్నాను.
అబద్ధం.
ఆమె దగ్గర సగమే తీసుకునేవాణ్ణి.

రైల్వే కాలనీ కొసన, పట్టాల పక్కన
రెండు గదుల పెంకుటిల్లు.
సెయింట్ జార్జి సంఘం, బెజవాడ శాఖ.
తక్కిన శాఖలెక్కడున్నాయో ఎవరూ చెప్పలేరు.
గార్డు క్లిఫ్టన్, ఫైర్‌మన్ ఎగ్బర్ట్,
టెలిఫోను బోర్డులో చేసిన వీడా,
ఒకప్పుడు కుర్చీలు చాలేవి కావట.
వాళ్ళలో ఒకే ఒక్కాయన ఆ దేశం చూశాడు.
పదకొండు రోజులుండి, చలికి వేగలేక తిరిగొచ్చాడు.
ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

తర్వాత కొందరు పెర్త్ వెళ్ళారు,
కొందరు గుణదల మట్టిలోకి.

ఈ ఏడు జెండా ఇద్దామని వెళ్తే
"కూర్చో" అంది.
వాచ్‌మన్ గరటయ్య అప్పటికే కూర్చునున్నాడు,
టోపీ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకొచ్చినవాడిలా.
"ఏడో నిబంధన. కోరానికి ముగ్గురుండాలి.
సభ్యత్వం పది రూపాయలు. నేనే కట్టేశా."

మరి రక్తం సంగతేంటమ్మా, అన్నాను.
ఇంగ్లీషు రక్తం ఉండాలేమో కదా.
"ఉండేది. మూడో నిబంధన.
ఆ పేజీ చెద తినేసింది."

నిరుటి మినిట్స్ చదివింది. హాజరు: ఒకరు.
తీర్మానం: కోరం లేనందున ఏమీ లేదు.
గోడ మీద గుర్రమెక్కిన వీరుడు
రెక్కల పామును పొడుస్తున్నాడు.
గరటయ్య చాలాసేపు చూసి
"పాపం, ఆ పాము ఏం చేసిందమ్మా?" అన్నాడు.
ఆమె కళ్ళద్దాలు తీసింది.
"తెలీదు గరటయ్యా. చిన్నప్పట్నించీ ఎవర్నీ అడగలేదు."

రాజుగారి ఆరోగ్యం కోసం లేచి నిలబడాలి.
గరటయ్యకి మోకాళ్ళ నొప్పి,
కూర్చునే కోరుకున్నాడు.
పెప్పర్ వాటర్ అని గ్లాసుల్లో పోసింది.
తాగితే మా ఇంట్లో జలుబుకి కాచే మిరియాల చారే.
చెమటలు కారుతుండగా తాగాం.

చివర్న పాట.
ఒక చరణం పాడిందో లేదో
గూడ్సు బండొచ్చి ఇల్లంతా అదిరింది.
ఆమె ఆగింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.
రెండో చరణం అనుకున్నాను.
బండి వెళ్ళిపోయాక పైకి అంది:
"యాభై ఎనిమిది. బ్రేక్‌వ్యాన్‌తో కలిపి."
ఆ తర్వాత చరణం గుర్తు రాలేదు.

తీర్మానం ఒకటి: ఫ్యానుకి కెపాసిటర్ వేయించాలి.
తీర్మానం రెండు: వచ్చే ఏటికి కార్యదర్శి షేక్ కాశింపీరా.
ప్రతిపాదించినది పాస్కల్, బలపరిచినది గరటయ్య.
వేలిముద్ర వేసి వేలు తలకు రాసుకున్నాడు.

రసీదు కత్తెర సొరుగులో పెట్టాను.
మా అన్నకింకా చెప్పలేదు.

నిరుటి జెండా వానలో తడిసి
ఎరుపు దిగి, ఒళ్ళంతా గులాబీ అయిపోయింది.
కార్యదర్శిగా మొదటి పని నాదేనని
వచ్చే ఏటి ఎర్ర గుడ్డని ఇప్పుడే
రాత్రంతా ఉప్పునీళ్ళలో నానేశాను.
తెల్లారి చూస్తే బకెట్టంతా ఎరుపు.
పారబోసి, ఇంకో గుప్పెడు ఉప్పేసి
మళ్ళీ నానేశాను.